మా బావ చేతికి సరిపోయిన పిస్టల్

మా బావ సారంగపాణిది చాలా చిన్న చెయ్యి. పెళ్లయిన కొత్తలో మా అక్క అనంతమ్మ తన గాజు ఒకటి తీసి ఆయన చేతికి తొడిగి చూసిందట. అది ఎక్కడా ఆగకుండా మణికట్టు దాకా వెళ్లిపోయింది. ఆ సంగతి మా ఇళ్లల్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటాం. మనిషి కూడా పొట్టే. పోలీసు సెలెక్షన్లో ఎత్తు కొలిచిన రోజు తల మీద జుట్టు ఒత్తుగా ఉండబట్టి గట్టెక్కాడని అక్క అంటుంది. బావ కాదనడు. అసలు అక్క ఏమన్నా ఆయన కాదనడు.

ఆయన తండ్రి ఇల్లెందు బొగ్గుబాయిలో పనిచేసేవాడు, మా నాన్న కొత్తగూడెం బాయిలో. ఆ రెండు ఇళ్లకూ బాయి కాని ఉద్యోగం ఏదైనా దేవుడిచ్చిన వరమే. బావ కానిస్టేబుల్ అయ్యాడు. నేను కొత్తగూడెం నుంచి భద్రాచలం పోయే బస్సులో కండక్టర్ అయ్యాను. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్లతో పొద్దస్తమానం పోట్లాడే పని కాబట్టి నా నోరు ఊరుకోదు. మొండయ్య అని పేరు పెట్టినందుకు న్యాయం చేస్తున్నానని బావ వెక్కిరిస్తాడు.

డిపార్టుమెంటు ఇచ్చిన వస్తువు ఒక్కటీ బావకు సరిపోలేదు. బూట్లలో పాత గుడ్డలు కుక్కుకుని నడిచేవాడు. టోపీ చెవుల మీదికి జారేది. పర్ణశాలలో యాత్రికుల రద్దీ రోజున బందోబస్తుకు నిలబడితే, ముందు టోపీ కనిపించేది, తర్వాత మీసాలు, ఆ తర్వాత మనిషి. ఎవరైనా నవ్వితే ఆయనా నవ్వేవాడు. నాకైతే ఒళ్లు మండేది.

కానిస్టేబుల్‌గా చేరిన మనిషి ప్రమోషన్ల మీద ప్రమోషన్లు ఎక్కి, తల నెరిసే వయసుకు ఎస్సై అయ్యాడు. అది ఎనభయ్యో దశకం చివర. అయితే ఎస్సై కావడం వేరు, స్టేషన్ చేతికి రావడం వేరు. నల్లచెలిమ అని అడవి అంచున ఒక చిన్న స్టేషన్ ఉంది. దానికి ఆఫీసర్ లేక చాలా రోజులైంది. బావకు దాని మీద మనసు. అక్కడికి కోయవాళ్లు, లంబాడీలు ఎంతో దూరం నడిచి వస్తారు. పొద్దున బయలుదేరినవాళ్లు చేరేసరికి మధ్యాహ్నమవుతుంది. అప్పటికి మోటారు సైకిళ్ల మీద వచ్చిన ఆసాములు పని చేయించుకుని వెళ్లిపోతూ ఉంటారు.

"స్టేషన్ నాకిస్తే, అందరికంటె దూరం నడిచొచ్చినోని మాట ముందు వింట. గంతే నా కోరిక" అని ఒకసారి బస్సులో నా పక్క సీట్లో కూర్చుని చెప్పాడు. ఇంతకాలం ఉద్యోగం చేసిన మనిషి కోరిక ఇంతేనా అనుకున్నాను. కానీ అది చెప్పేటప్పుడు ఆయన ముఖం చూసి నా నోరు మొదటిసారి మూతపడింది.

ఆ కోరికకు అడ్డం పడింది రివాల్వర్. స్టేషన్ ఆఫీసర్ కావాలంటే ఫైరింగ్ రేంజిలో రివాల్వర్ పేల్చి పాసవ్వాలి. డిపార్టుమెంటు ఇచ్చే రివాల్వర్ పిడి బావ పిడికిలిలో ఇమడదు. పిడి పట్టుకుంటే వేలు ట్రిగ్గర్ దాకా పోదు, వేలు పెడితే పిడి జారుతుంది. రెండు చేతులతో పట్టుకుని, పళ్లు బిగించి, ఎడ్లబండి ఇరుసు లాగినట్టు ట్రిగ్గర్ లాగేవాడు. గుండు టార్గెట్‌ను వదిలి గుట్ట మీద టేకు చెట్లకు తగిలేది. రైఫిల్ ఇస్తే మాత్రం గురి తప్పేది కాదు. ఆయన కంటికి లోపం లేదు. చెయ్యే అందలేదు, వరసగా రెండేళ్లు ఫెయిలయ్యాడు.

అలాంటి సమయంలో కొత్త ఆర్డర్ వచ్చింది. ఎస్సై, ఆ పైస్థాయి ఆఫీసర్లు తాము పెట్టుకునే చేతి తుపాకిని ఆర్మరీలో ఉన్నవాటి నుంచి తామే ఎంచుకోవచ్చు. షరతు ఒక్కటే. ఎంచుకున్నదానితోనే రేంజిలో పాసవ్వాలి. ఫెయిలైతే ఇచ్చింది పుచ్చుకోవాలి, మళ్లీ ఎంపిక మాట ఎత్తకూడదు. అంటే బావకు ఉన్నది ఒకే ఒక్క అవకాశం. ఈసారి తప్పితే నల్లచెలిమ ఇంకొకరికి పోతుంది. ఆయన రిటైరయ్యేదాకా ఇంకొకరి కింద కుర్చీ వేసుకుని కూర్చోవలసిందే.

ఆర్డర్ విన్న రోజు ఆయనకు అన్నం సయించలేదు. ఏది కావాలని డిపార్టుమెంటు ఎన్నడూ అడిగిన పాపాన పోలేదు. అడిగేసరికి ఏం చెప్పాలో తోచలేదు. నన్ను వెంటబెట్టుకుని ఆర్మరీకి వెళ్లాడు. అక్కడ హెడ్ కానిస్టేబుల్ జంపయ్య తుపాకుల బాగోగులు చూసేవాడు. బావా ఆయనా ఒకే ఏడాది చేరినవాళ్లు. జంపయ్య బల్ల మీద గుడ్డ పరిచి, ఉన్నవన్నీ వరసగా పెట్టాడు. బావ ఒక్కొక్కటే ఎత్తడం, బరువు చూడటం, దించడం, మళ్లీ మొదటిది ఎత్తడం.

"ఏంది సార్, ఎడ్ల అంగట్ల ఎడ్లను చూసినట్టు చూస్తున్నరు. పండ్లు గిట్ల చూస్తరా ఏంది?" అన్నాడు జంపయ్య.

"చూడనియ్ జంపన్నా. నాకు ఎంచుకునుడు అలవాటు లేదు" అన్నాడు బావ.

చివరికి బీరువా మూలన ఒక చిన్న పిస్టల్ కనిపించింది. మఫ్టీలో తిరిగే ఆఫీసర్ల కోసం ఎప్పుడో వచ్చిందట. దాన్ని అందరూ అగ్గిపెట్టె అనేవాళ్లు, పెట్టుకుంటే నామోషీ అని ఒక్కరూ ముట్టలేదు. బావ దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. పిడి చుట్టూ వేళ్లన్నీ తిరిగాయి. చూపుడు వేలు తనంతట తాను ట్రిగ్గర్ మీద వాలింది. చాలాసేపు దాన్ని అలాగే పట్టుకుని నిలబడ్డాడు. నేను జోకు వేద్దామని నోరు తెరిచి, ఆయన కళ్లు తడిగా ఉండటం చూసి మూసుకున్నాను.

ఇంటికి తెచ్చాక అసలు పేచీ మొదలైంది. మా అక్క దాన్ని చూసి మూతి తిప్పింది.

"గింత పెద్ద నౌకరీకి గింత చిన్నదా? ఎదురింటాయనకు తొడ దాకా ఏలాడుతది. నువ్వు గిది పెట్టుకొని పోతె కందికాయ పెట్టుకున్నడు అంటరు."

"చేతికి సరిపోయింది అనంతా."

"ఊళ్లె మాటకు సరిపోవాలె గద" అని అక్క వంటింట్లోకి వెళ్లిపోయింది. కానీ ఆ రాత్రి ఆయన భోజనం చేస్తుంటే మళ్లీ వచ్చి, "నిజంగ సరిపోయిందా?" అని అడిగింది. సరిపోయిందన్నాడు.  అక్క కంచంలో ఇంకో గరిటె నెయ్యి వేసింది.

దసరా వచ్చింది. మా వైపు ఆయుధపూజ అంటే మాటలు కాదు. కొడవలి, గునపం, కుట్టుమిషన్, సైకిల్, చివరికి నా టికెట్లు కొట్టే పంచ్ కూడా పీట ఎక్కాల్సిందే. పూజ చేసిన వస్తువు మీది బొట్టు తుడవకూడదు, దానంతట అది రాలాలి. బొట్టు తుడిస్తే అరిష్టమని బాయి కాలనీల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పిస్టల్ మీద మనసు కరిగిన అక్క ఈసారి దానికి పెద్దపీట వేసింది. బావ గుళ్లు తీసేసి పిస్టల్ పీట మీద పెట్టి స్నానానికి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి పసుపు ముద్ద, గంధం, కుంకుమ, ఆపైన బంతిపూలు. కింద పిస్టల్ ఉందని చెబితే తప్ప తెలియదు.

"గింత ఎందుకే?" అన్నాడు బావ.

"చిన్నది గద. దానికి బలం గావాలె" అంది అక్క.

పూలు తీశాడు. పైపైన ఉన్న పసుపు ముద్ద పండగ సాయంత్రానికి ఎండి కొంత రాలింది. మిగిలిన బొట్టు తుడవడానికి ఆయనకు చెయ్యి రాలేదు. ఆయన చోట నేనున్నా తుడిచేవాణ్ణి కాదు. మర్నాడు పొద్దున ఫైరింగ్.

రేంజి గుట్ట పక్కన ఉంది. నేను టిఫిన్ డబ్బా పట్టుకుని కంచె అవతల ఇప్పచెట్టు నీడలో కూర్చున్నాను. ఆఫీసర్లంతా వరసగా నిలబడ్డారు. పరీక్ష పెట్టేది రిజర్వ్ ఇన్‌స్పెక్టర్ వెంకటనారాయణ. పెనుబల్లి వైపు రైతు కుటుంబం, మంచి మనిషే కానీ రూల్ అంటే ప్రాణం.

"వినండయ్యా. ఎవరి ఆయుధం వాళ్లే ఎంచుకున్నారు. కాబట్టి ఆయుధం మొరాయిస్తే తప్పు మనిషిదే. ఇంకో ఛాన్స్ ఉండదు" అన్నాడాయన.

బావ వంతు వచ్చింది. ఒంటి చేత్తో, ఆయాసం లేకుండా మొదటి గుండు పేల్చాడు. నడిమధ్యన తగిలింది. రెండోసారి ట్రిగ్గర్ నొక్కితే కిక్కురుమనలేదు. మళ్లీ నొక్కాడు. లేదు. జంపయ్య వచ్చి తుపాకి తీసుకుని, పైభాగం బలంగా వెనక్కి లాగాడు. సందులోంచి ఎండిన పసుపూ గంధమూ పెళ్లలు పెళ్లలుగా రాలాయి.

వెంకటనారాయణ ఆ పెళ్లల వైపు చూశాడు. "ఇదేంటయ్యా? తుపాకా, గడపా? ఎవరు పూశారు?"

"నేనే పూసిన సార్" అన్నాడు బావ.

"తెలిసే పూశావా?"

"తెల్వక పూసిన సార్. తప్పు నాదే."

తల వంచుకుని నిలబడ్డాడు. ఆ పొట్టి మనిషి ఇంకా పొట్టిగా కనిపించాడు నాకు. నల్లచెలిమ పోయినట్టే. మా అక్క మీద పట్టరాని కోపం వచ్చింది. దూకి కంచె దాటి, పూసింది ఆయన కాదని చెబుదామనుకున్నాను. బావ తలెత్తి నా వైపు ఒక్క చూపు చూశాడు. ఆ చూపుకు కూర్చుండిపోయాను.

"రూలు రూలే. ఫెయిల్" అన్నాడు వెంకటనారాయణ. "ఆయుధం ఎలా ఉంచుకోవాలో చూడండి" అంటూ తన రివాల్వర్ తీశాడు. అది ఆయన కొత్తగా ఎంచుకున్నది, ఆయన కూడా ఆ రోజు పాసవ్వాల్సినవాడే. నిటారుగా నిలబడి గురి చూసి నొక్కాడు. రివాల్వర్ చిన్నగా కిర్రుమంది, అంతే. గుళ్ల చక్రం తిరగలేదు. రెండు చేతులా పట్టి లాగినా తిరగలేదు. జంపయ్య చేతులు కట్టుకుని ఆకాశం వైపు చూస్తున్నాడు. వెంకటనారాయణ కళ్ల దగ్గర పెట్టుకుని చూశాడు. చక్రం చుట్టూ గంధం గట్టిపడి ఉంది, దాని మీద కుంకుమ.

వరసలో ఉన్న ఆఫీసర్లందరూ మెల్లగా ఎవరి ఒర వైపు వాళ్లు చూసుకోవడం మొదలుపెట్టారు. ఒకాయన వేలు పెట్టి తీస్తే పచ్చగా వచ్చింది. ఇంకొకాయన తుపాకి గొట్టంలో బియ్యపు గింజ కనిపించింది. జిల్లాలో ఉన్న ఇల్లాళ్లూ తల్లులూ అందరూ ఒకే రోజు ఒకే పని చేశారు. బొట్టు తుడిచే ధైర్యం ఒక్క మగాడికీ లేకపోయింది.

 వెంకటనారాయణ భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు. "మా అమ్మ ఆదెమ్మ పనయ్యా ఇది" అన్నాడు. "ట్రాక్టరుకీ, ఆయిలింజనుకీ, నాకూ కలిపి ఒకే గిన్నెలో గంధం తీసింది. తుడుస్తానంటే అన్నం పెట్టనంది." ఆ తర్వాత గొంతు సవరించుకున్నాడు. "ఫెయిలైతే అందరం ఫెయిలవ్వాలి. లేదంటే అందరం మొదటి నుంచి కాల్చాలి. జంపయ్యా, కిరసనాయిలు తెప్పించు."

ఆఫీసర్లంతా నేల మీద బాసింపట్లు వేసుకుని, పాత గుడ్డలతో తుపాకులు తోముకున్నారు. పండగ మర్నాడు గిన్నెలు తోమే ఆడవాళ్లను చూసినట్టే ఉంది. బావ పిస్టల్ చిన్నది కాబట్టి అందరికంటే ముందు శుభ్రమైంది. మొదటి వంతు ఆయనకే వచ్చింది. గుళ్లన్నీ నల్ల వలయంలోనే పడ్డాయి. వెంకటనారాయణ టార్గెట్ దగ్గరికి నడిచి వెళ్లి చూసి వచ్చి, "ఇన్నాళ్లూ మనం కాలికి సరిపోని చెప్పు ఇచ్చి కుంటివాడు అన్నామయ్యా" అన్నాడు. నల్లచెలిమ ఆర్డర్ ఆ నెలలోనే వచ్చింది.

ఆ సాయంత్రం ఇంటికి చేరేసరికి అక్క గుమ్మంలోనే ఉంది. "ఏమైంది?" అంది.

"పాసైన. అంత నీ పూజ మహిమ" అన్నాడు బావ.

నేను నోరు తెరిచాను. ఆయన నా కాలు తొక్కాడు, సైజు ఎక్కువైన బూటుతో. అక్క సంబరానికి అంతు లేదు. క్వార్టర్స్‌లో ఇంటింటికీ వెళ్లి, తన పసుపు వల్లే ఆయన గురి కుదిరిందని చెప్పి వచ్చింది. మరుసటి దసరాకు బావ కొత్త రూలు ఒకటి కల్పించాడు. తుపాకి ఒర పీట మీద పెట్టి, "ఇగ పూజ ఒరకే చెయ్యాలని ఆర్డర్ వచ్చింది" అన్నాడు. అక్క బుద్ధిగా ఒరకే పూజ చేసింది. నల్లచెలిమలో ఉన్నన్నాళ్లూ అంతే. అక్కడ దూరపు గూడేలవాళ్ల మాట ముందు వినడం ఆయన మొదలుపెట్టాడు, ఆసాములు సణుక్కుంటూ కూర్చునేవాళ్లు.

ఆయన రిటైరయ్యాక ఒక రోజు నేను ఆగలేకపోయాను. వాకిట్లో చిక్కుడుకాయలు తుంచుతున్న అక్కతో పాత ముచ్చట తీశాను. "నీ పూజ పుణ్యాన ఆ రోజు బావకు స్టేషన్ చేజారేదే అక్కా" అన్నాను.

అక్క చేతిలో కాయ ఆగలేదు. "నాకు ఎరుకేరా. గా దినమే మీరు రాకముందే జంపయ్య పెండ్లాం వచ్చి చెప్పిపోయింది."

"మరి గిన్నేండ్లు ఊకున్నవేంది?"

"అందరి ముంగట నా తప్పును తనమీదేసుకొని తల వంచుకున్నడు. ఇంటికొచ్చి నన్ను మెచ్చుకున్నడు. నాకు తెల్వదనుకొని ఎంత సంతోషపడ్డడో నువ్వు చూడలే?" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "లోపల పండుకున్నడు. మెల్లగ మాట్లాడు, ఇంటడు."