తన నెత్తి మీంచి తానే

యాభయ్యో ఏడు నిండిన కొత్తలో మా పెద్దమ్మ పరుపుల కొట్టు మధ్యలో నిలబడి, ఇకమీదట తాను హైజంప్ చేస్తానని ప్రకటించింది. చేతిలో దబ్బనం, జుట్టు నిండా దూది. గుడ్డ కత్తిరిస్తున్న పెదనాన్న తలెత్తలేదు.

"ఎంత ఎత్తు?" అన్నాడు, అదేదో పరుపు ఆర్డరయినట్టు.

"నా అంత. నా నెత్తి మీంచి నేను దూకాలి."

అప్పుడు తలెత్తాడు. "ముందు ఆ గుమ్మం తన్నుకోకుండా దాటవే."

"ఊళ్ళో జనం పడుకోడానికే బతుకంతా కుట్టానండీ. ఒక్కసారైనా నేను పైకి లేవద్దూ?"

పెదనాన్న కత్తెర పక్కన పెట్టి లేచాడు. పెరట్లో రెండు కుర్చీల మీద అడ్డంగా కర్ర పెట్టాడు.

పెద్దమ్మ పరుగెత్తుకొచ్చేది, కర్ర దగ్గర ఠక్కున ఆగిపోయేది. కాళ్ళకేం లోటు లేదు. పడటమంటేనే భయం. అందుకని అవతల వేసుకోవడానికి ఒక పరుపు కుట్టుకుంది. ఆగిపోయిన ప్రతిసారీ కుట్టు విప్పి ఇంకాస్త దూది కూరేది. పోనుపోను పరుపు ఎంత పెరిగిందంటే, దాని వెనక కుర్చీలో కూర్చున్న పెదనాన్న ఆమెకు కనిపించడం మానేశాడు.

"దూకవే!" అని గొంతు మాత్రం వినిపించేది.

"రేపండీ."

నలభై దాటినవాళ్ళ ఆటల పోటీలకు పరుపుతో సహా లారీలో వెళ్ళారు. మైదానంలో వాళ్ళ పరుపు వాళ్ళకుంది. పెద్దమ్మ దాన్ని నొక్కి చూసి, "పరాయి కుట్టు మీద నేను పడను" అంది. రిఫరీ నిబంధనల పుస్తకం తిరగేసి, సొంతది తెచ్చుకోకూడదని ఎక్కడా లేదన్నాడు. నలుగురు మోసుకొచ్చి వేశారు.

కర్ర ఆమె నడుము దగ్గరుంది. పరుపు భుజం దగ్గరుంది.

"అమ్మా, దీన్ని దూకడం అనరు, ఎక్కడం అంటారు" అన్నాడు రిఫరీ.

"అయితే కర్రే పైకి జరపండి."

"అందరూ అదే దూకాలి మరి!"

వరుసలో ఉన్న ఇద్దరు టీచరమ్మలు చెప్పులు వెతుక్కోసాగారు. రిఫరీ విసుక్కున్నాడు. "పరుపైనా దించండి, పేరైనా కొట్టేయించుకోండి."

పెదనాన్న దబ్బనం తీశాడు. "కుట్టు విప్పనా?"

"నా భయం నేనే విప్పుకుంటా, ఇటివ్వండి."

అక్కడే చతికిలబడి కుట్టు తెంపింది. గుప్పెళ్ళకొద్దీ దూది లాగి పక్కన పోస్తుంటే టీచరమ్మలూ వచ్చి ఓ చెయ్యేశారు. "చాలా?" అంటే, "ఇంకా" అని రిఫరీ. మైదానమంతా దూది ఎగిరింది. పరుపు మోకాలి దాకా దిగాక ఆయన విజిల్ ఊదాడు. లోపల దూది ఇరుక్కుని అది మోగలేదు.

"ఊదాడే! బయల్దేరు!" అని పెదనాన్న అరిచాడు.

పెద్దమ్మ పరుగెత్తింది. ఈసారి ఆగలేదు. అయితే కళ్ళలో దూది పడి ఓ పక్కకి లేచింది. కర్ర దాటింది గానీ పరుపు మీద పడలేదు. పక్కనున్న దూది గుట్టలో మునిగి మాయమైపోయింది.

"ఏమే, దెబ్బ తగిలిందా?"

"కర్ర పడిందా? ముందది చెప్పండి!"

"లేదే! అలాగే ఉంది!"

పరుపు మీదే పడాలని ఎక్కడైనా రాసి ఉందేమోనని రిఫరీ పుస్తకం ముందుకీ వెనక్కీ తిప్పాడు. చివరికి ఒప్పుకున్నాడు.

పెద్దమ్మ నోట్లోంచి దూది ఉమ్మేసి లేచి నిలబడింది.

"నడుము దాకా అయింది. ఇంక పై సగమే మిగిలింది. కర్ర పైకి జరపండి బాబూ, ఒళ్ళు వేడి మీదుంది."