బావగారూ నేనూ ఒకే తాడు పట్టిన వారం

పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ ఓడ ఎక్కేదాకా నేను మా బావగారితో ఒక్క మాట కూడా నేరుగా మాట్లాడలేదు. మా ఆయనకి సొంత అన్నగారాయన. ఒంగోల్లో ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే వంటింట్లో వండిన అన్నం తింటూ కూడా మాట్లాడలేదు. తగాదా ఏమీ లేదు. మా అత్తగారింట్లో పద్ధతి అది. తమ్ముడి పెళ్ళాం బావగారి ఎదట పడకూడదు. ఆయన హాల్లోకి వస్తే ఆవిడ వంటింట్లోకి తప్పుకోవాలి. ఏదన్నా చెప్పాల్సొస్తే మొగుడితో చెప్పి చెప్పించాలి. ఎమ్మే ఇంగ్లీషు చదివినదాన్ని, తలుపు వెనకాల నిలబడి, "ఏవండీ, బావగారికి మజ్జిగ కావాలేమో అడగండి" అనేదాన్ని. మజ్జిగ్గిన్నె నా చేతిలోనే ఉండేది. తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నాకు కావాల్సింది మాత్రం వేరే. గుంటూరులో ఒక ఆడపిల్లల కాలేజీలో ఇంగ్లీషు చెప్పే ఉద్యోగం. నాతో చదువుకున్నావిడ అక్కడే పనిచేస్తోంది. ఖాళీ వచ్చినప్పుడల్లా కబురు పెట్టేది. వచ్చినప్పుడల్లా నేను మా ఆయన్ని అడిగేదాన్ని, ఆయన వెళ్ళి అన్నగారిని అడిగొచ్చేవాడు. "అన్నయ్య ఒప్పుకోలేదే. వేరు కాపురమంటే ఇల్లు ముక్కలైనట్టేనన్నాడు" అనేవాడు మొహం వేలాడేసుకుని. నేను లోపలికెళ్ళి గిన్నెలు ఎత్తి కుదేసేదాన్ని. హాల్లో సోఫాలో కూచుని పేపరు చదువుకుంటున్న ఆ పెద్దమనిషిని తలుపు సందులోంచి చూస్తూ, నీ నోట్లో మన్ను పడ అని తిట్టుకునేదాన్ని. ఎన్నేళ్ళు తిట్టుకున్నానో. ఆ ఏడు మళ్ళీ కబురొచ్చింది. జూన్లో వచ్చి చేరకపోతే ఇంక నిన్ను పిలిచేది లేదని మా స్నేహితురాలు తెగేసి చెప్పింది.

అదిగో, అప్పుడొచ్చింది ఈ ఓడ పిలుపు.

అన్నదమ్ములిద్దరికీ చీమకుర్తిలో గ్రానైటు క్వారీ ఉంది. ఆ నల్లరాయి కొనే ఇటలీ ఆసామి ఒకడు, ఒకసారి మా దేశం రండి, తెరచాప ఓడలో వారం రోజులు దీవులన్నీ తిప్పుతానని రాశాడు. బావగారికి యస్, నో, ఓకే, కంటైనర్ తప్ప ఇంగ్లీషు రాదు. మా ఆయనకి కంటైనర్ కూడా సరిగ్గా రాదు. అందుకని నోటికోసం నన్ను తీసుకెళ్ళారు. చీరాల సముద్రంలో పాదాలు తడుపుకోవడానిక్కూడా జడిసే మా తోడికోడలు, నన్ను చంపినా రానంది. "ఓడలో అన్నయ్య ఖుషీగా ఉంటాడు. అక్కడ అడిగేస్తాను, ఒట్టు" అన్నాడు మా ఆయన, నా నెత్తిన చెయ్యి పెట్టి. నమ్మాను. నమ్మి, సూట్‌కేసు నిండా కందిపొడీ ఆవకాయా సర్దుకుని బయల్దేరాను.

లిఫ్టూ, స్విమ్మింగ్ పూలూ ఉన్న పెద్ద షిప్పనుకున్నాం ముగ్గురమూ. రేవులో చూస్తే చెక్క ఓడ. మూడు స్తంభాలూ, వాటినిండా తాళ్ళు. మార్కెట్ యార్డులో పత్తి బేళ్ళకి కట్టే తాళ్ళన్నీ తెచ్చి ఒక్కచోట వేలాడేసినట్టున్నాయి. ఎక్కగానే ఒక భారీ మనిషి, ఓడ పనులు చూసే ఆవిడట, మా చేతులకి గరుకు గ్లవుజులిచ్చి, ఇక్కడ ప్రయాణీకులెవరూ లేరు, తాళ్ళు లాగాలి, నేల కడగాలి, బంగాళాదుంపలు చెక్కు తియ్యాలి, ఇదే ఇక్కడి సరదా అంది. మమ్మల్ని పిలిచిన ఆ ఇటలీ ఆసామి పక్కనే నిలబడి పకపకా నవ్వుతున్నాడు. వాడి సరదా తగలెయ్య!

"ఒరేయ్, మనం చుట్టపుచూపుగా వచ్చామా, కూలికొచ్చామా? కనుక్కోరా" అన్నారు బావగారు తమ్ముడితో. నేను అడుగు దూరంలో ఉన్నాను. మా ఆయన నావైపు తిరిగి, "కూలికొచ్చామా అని అడుగుతున్నాడు అన్నయ్య" అన్నాడు. నేను ఆవిణ్ణి అడిగి, జవాబు మా ఆయనకి చెప్పి, ఆయన అన్నగారికి చెప్పేసరికి ఆవిడ నడుమున చేతులు పెట్టుకుని ముగ్గుర్నీ మార్చి మార్చి చూసింది. మీ ఇద్దరికీ మాటల్లేవా అనడిగింది నన్ను. ఏం చెప్పను, నా తలకాయ! మా ఇంటి పద్ధతి అన్నాను. తల కొట్టేసినట్టయింది.

రేవు దాటిందో లేదో ఓడ ఊగడం మొదలెట్టింది. మా ఆయన చేతికో బకెట్ పట్టుకుని కింద గదిలో పడిపోయాడు. ఇంతలో పైనుంచి పిలుపు, తెరచాప ఎత్తాలి రండని. ముందు నిలబడ్డ మనిషి కేకెయ్యాలి, వెనకవాళ్ళు ఆ కేకతో కలిసి లాగాలి. ఇంగ్లీషు అర్థమవుతుందని ఆవిడ నన్ను ముందు నిలబెట్టింది. నా వెనకాల ఎవరా అని చూస్తే బావగారు! ఆయనకి వీపు చూపించి నిలబడ్డానని తెలిస్తే మా అత్తగారు ఒంగోల్లో మంచం పట్టేది. నాకు నోరు పెగల్లేదు. కేక లేకపోయేసరికి ఎవరిష్టమొచ్చినప్పుడు వాళ్ళు లాగారు, తాడు జర్రున జారిపోయింది. ఆవిడ అందరి ముందూ నన్ను దులిపేసింది.

అప్పుడు వెనకనుంచి వినపడింది. "అమ్మాయ్, కేకెయ్యి. క్వారీలో బండ జరిపేటప్పుడు ముందున్నోడు కేకేస్తేనే వెనకోళ్ళు బలం పట్టేది. మర్యాదలు చూసుకుంటా కూచుంటే బండ మీద పడుద్ది."

అవీ ఆయన నాతో మాట్లాడిన మొదటి మాటలు. నేను ఉద్యోగం చేసుకుంటే ఇల్లు ముక్కలైపోతుందన్న మనిషి ఇక్కడ నన్ను కేకెయ్యమంటున్నాడా అని నాకు ఎక్కడలేని ఉక్రోషం వచ్చింది. ఆ ఉక్రోషంతోనే "ఐసా!" అని గొంతు చించుకున్నాను. క్వారీ మాటే వచ్చింది నోటికి. తాడు కదిలింది. మళ్ళీ "ఐసా!" అన్నాను. వెనకనుంచి బావగారు "జోర్ సే!" అన్నారు. తెల్లవాళ్ళందరూ కూడా ఐసా ఐసా అంటూ లాగారు. చాప పైకి లేచింది.

రోజూ కిందకెళ్ళి మా ఆయన్ని అడిగేదాన్ని, "చెప్పారా?" అని. "పేగులు బయటికొస్తుంటే ఎలా చెప్పనే" అనేవాడు. ఓడ దీవి దగ్గర ఆగితే మాత్రం లేచి కూచుని నా ఆవకాయ లొట్టలేసుకుంటూ తినేవాడు. "ఇప్పుడు చెప్పండి" అంటే, అన్నయ్య మూడ్ బాగాలేదంటూ నీళ్ళు నమిలేవాడు. అరిచేతులు బొబ్బలెక్కి, ఉప్పుగాలికి మొహం పగిలిపోయి, బకెట్లు నేను కడుగుతుంటే, ఈయనగారు దుప్పటి కప్పుకుని అన్నగారి మూడ్ గురించి చెప్పేవాడు. ఆ సముద్రమూ అందమూ అంటారే, నాకు ఒక్కరోజు కూడా కళ్ళకి ఆనలేదు. రేపే ఆఖరనగా, ఇవాళ భోజనాల్లోపు అడిగి తీరతానన్నాడు. చూస్తే ఓడ ముందు భాగంలో చొక్కా విప్పేసి ఎండకి పడుకుని గురకపెడుతున్నాడు. ఇంక ఈ మనిషితో కాదనుకున్నాను.

ఆ మధ్యాహ్నం గాలి మళ్ళింది. చాప తిప్పుతున్నారు. ఈ తాడు బిగపట్టుకుని ఉండండి, నేను చెప్పేదాకా వదలొద్దని ఆవిడ నాకూ బావగారికీ అప్పజెప్పి అటెళ్ళింది. ఎప్పట్లాగే నేను ముందు, ఆయన వెనక. మొహం చూడక్కర్లేదు. సముద్రంవైపు చూస్తూనే అనేశాను.

"బావగారూ, నేను గుంటూరులో ఉద్యోగంలో చేరతాను. మీరు వద్దన్నా సరే, చేరతాను."

అని తాడు ఇంకాస్త బిగించి పట్టుకున్నాను.

"నేనెందుకు వద్దంటానమ్మా?" అన్నారు. "కాలేజీవాళ్ళ ఫోను మొట్టమొదట ఎత్తింది నేనే. గుంటూరులో మన పాత ఇల్లు ఖాళీగానే ఉంది, చదువుకున్న పిల్లని వంటింట్లో మగ్గబెట్టబాక, తీసుకెళ్ళరా అని వాడికి ఎన్నిసార్లో చెప్పా. నీకే ఇష్టం లేదన్నాడు. మీ తోడికోడల్ని వదిలి వెళ్ళనని ఏడుస్తున్నావన్నాడు. నాకేం తెలుసు, నువ్వు నాతో మాట్లాడవుగా!"

అరికాలి మంట నెత్తికెక్కింది. మజ్జిగ దగ్గర్నుంచి నా బతుకు దాకా అన్నీ ఆ ఒక్క మనిషి నోటిమీదగానే వెళ్ళాయి. ఇటు చెప్పింది అటు చెప్పలేదు, అటు చెప్పింది ఇటు చెప్పలేదు. ఏ పాపం ఎరగని పెద్దమనిషిని తలుపు సందులోంచి అన్నేళ్ళు తిట్టిపోశాను. వెళ్ళి, గురకపెడుతున్నవాణ్ణి అట్లాగే సముద్రంలోకి దొర్లించేద్దామనిపించింది. తాడు వదలొద్దన్నారు గనక బతికిపోయాడు.

సాయంత్రం మా ఆయన వీపు గోక్కుంటూ నా దగ్గరికొచ్చాడు. నేనేమీ అడక్కుండానే మొహం వేలాడేశాడు. "ఇందాకే అడిగానే. ససేమిరా అన్నాడు అన్నయ్య. ఇంక ఆ మాటెత్తకు" అన్నాడు. ఎంత నున్నగా అన్నాడో!

"నన్నెప్పుడడిగావురా?" అన్నారు బావగారు. ఆయన అక్కడే, స్తంభం అవతల, చేతులు తుడుచుకుంటున్నారు.

మా ఆయన మొహంలో కత్తివేటుకి నెత్తుటిచుక్క లేదు. అన్నగారివైపు చూశాడు, నావైపు చూశాడు. చివరికి, "అది కాదన్నయ్యా, ఇది పొద్దున్నే కాలేజీకి పోతే నాకు కాఫీ ఎవరిస్తారు?" అన్నాడు.

కాఫీ! కాఫీ కోసం అన్నేళ్ళు.

ఇంతలో చాప దించాలి రమ్మని ఓడావిడ అందర్నీ కేకేసింది. ఎన్నడూ లేనిది మా ఆయన కూడా పరుగున వచ్చి తాడు పట్టుకున్నాడు. "ఏమే, ఏం చెయ్యమంటోంది ఆవిడ?" అన్నాడు నన్ను, ఏమీ జరగనట్టు.

నేను ఆయనవైపు చూడలేదు. "బావగారూ, ఆయన్ని అందరికంటే వెనకాల నిలబడమనండి. నేను కేకేసినప్పుడు లాగమనండి" అన్నాను.

"ఒరేయ్, వెనక్కెళ్ళి నిలబడు. అమ్మాయి కేకేస్తే లాగు" అన్నారు బావగారు.

జూన్లో గుంటూరు బస్సెక్కేదాకా నేను మా ఆయనతో అన్న ప్రతి మాటా బావగారి నోటిమీదగానే వెళ్ళింది.