చైత్రంలో వెండిరాయి కోసం

ఎండలు ముదరకముందే బయలుదేరమని మా బావ నన్ను ఒకటే తొందరపెట్టాడు. కొండ సంత నుంచి చింతపండు మూటలతో పాటు ఒక నల్లరాయి అతని చేతికొచ్చింది. పిడికెడే, కానీ ఎత్తితే చేయి దిగిపోయే బరువు. విరిస్తే లోపల తళతళ. కంసాలిని గనుక కొలిమిలో కరిగించి చూశాను. దాదాపు అంతా సీసమే, చివరికి ఆవగింజంత వెండి మిగిలింది. ఆ ఆవగింజే మా బావకు నిద్ర లేకుండా చేసింది. విజయనగరంలో అతని ఇత్తడి దుకాణం మూతపడేలా ఉంది. చోటు తెలిస్తే దొరలకు చూపించి గని తవ్విస్తాడట. మా అక్క మెడ బోసిగా ఉండటం చూసి నేనూ సరేనన్నాను.

తెల్లవారి మోటారు బస్సెక్కితే, దారిలో చక్రం ఊడదీసి మళ్ళీ బిగించి, పదింటికి శృంగవరపుకోటలో దింపారు. బస్సులో నా పక్కన ఉప్పుమూటతో ఒక ముసలమ్మ కూర్చుంది.

"కొండకేటి పని బాబూ?"

"రాళ్ళు చూడ్డానికమ్మా."

"మనూర్లో లేవేటి రాళ్ళు?" అని ఆమె అటు తిరిగి కునుకు తీసింది.

అక్కడి నుంచి ఉప్పుబండ్ల వెంట నడక. రాత్రికి అనంతగిరి చేరి కాఫీతోట కూలీల పాకలో పడుకున్నాను. చైత్రమే కదా అని దుప్పటి తీసుకువెళ్ళలేదు. మీరు తప్పక తీసుకువెళ్ళండి.

మర్నాడు మధ్యాహ్నానికి అరకు దాటి, ఆ రాయిని సంతకు తెచ్చిన సుక్రా ఊరు చేరాను. అతను నా ఈడువాడే. ఊళ్ళో మగవాళ్ళంతా వేటకు పోయారు. అక్కడ అది చైత్రమాసపు వేట పండుగ; ఆ రోజుల్లో వేటకు పోయి ఒట్టి చేతులతో తిరిగొస్తే ఆడవాళ్ళు పేడనీళ్ళు కొడతారు. అంబలి పోస్తూ సుక్రా భార్య ఆ సంగతి చెప్పి, "సుట్టానికైనా అదే!" అని నవ్వింది. కాలు నొచ్చి ఆ రోజు వేటకు పోని సుక్రా, నేనడగ్గానే కర్ర పట్టుకుని ముందు నడిచాడు.

రాళ్ళు కొండ నడుమన ఉన్నాయి. వాటిని కరిగించి నాటు తుపాకీకి గుళ్ళు పోసుకుంటారట. రాళ్ళ కిందినుంచి సన్నగా ఊట వస్తోంది. దోసిలితో తాగాను. అంత చల్లని నీళ్ళు నేనెరగను. మరచెంబు నింపుకుని, ఒక రాయి సంచిలో వేసుకుని, మా బావ ఆలోచన చెప్పాను.

సుక్రా చతికిలబడ్డాడు. "తవ్వితే ఊట పోద్ది బాబూ. ఊరంతటికీ ఇదే నీరు. మేమేటి తాగాల?"

మా అక్క మెడ గుర్తొచ్చింది. అయినా సంచిలోంచి రాయి తీసి ఎక్కడిదక్కడ పెట్టాను.

దిగేసరికి ఊరి మొగలో ఆడవాళ్ళు పేడనీళ్ళ కుండలతో నిలబడి ఉన్నారు. వేటగాళ్ళు అప్పటికే ఒక కొండగొర్రెను తెచ్చేశారు. మిగిలింది మేమిద్దరమే. మేం వేటకు పోలేదని సుక్రా ఒక్కమాట అంటే సరిపోయేది. అనలేదు. ఇద్దరం నెత్తి నుంచి కాళ్ళదాకా తడిశాం. సుక్రా కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. నాకూ నవ్వాగలేదు.

తిరుగుదారిలో బస్సులో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. ఒక గుంటపిల్ల ముక్కు మూసుకుని, "యాక్, ఏటీ కంపు?" అంది. నాకు మాత్రం హాయిగానే ఉంది. వెండి కోసం కాకపోయినా ఆ కొండలు ఒకసారి చూసి రావాల్సినవే.

విజయనగరంలో మా బావ మిట్టమధ్యాహ్నం బస్సు దగ్గరే కాచుకుని ఉన్నాడు. ముందు నా సంచి తడిమాడు.

"ఏమీ లేదా?"

"లేదు బావా."

ఎండకు అతని పెదవులు ఎండిపోయి ఉన్నాయి. మరచెంబు మూత తీసి ఇచ్చాను. గటగటా తాగి, చెంబు తలకిందులు చేసి చూశాడు.

"ఎక్కడివిరా ఈ నీళ్ళు? ఇంకొంచెం తేకపోయావా!"