కచ్రా ఫోల్డరులో ఎర్ర గీత

మా దోస్తు పోయిన రోజు నేను మగ్గం మీదున్నాను. పాన్‌గల్ నుంచి ఫోన్ వచ్చింది. దుకాణంలోనే గుండె ఆగిపోయిందన్నారు. సరే అన్నాను. మనిషి పోయాడంటే సరే అనడం ఏంది అని తర్వాత నన్ను నేను ఎన్నోసార్లు తిట్టుకున్నాను గానీ, అప్పుడు నోట్లోంచి వచ్చిన మాట అదే. ఫోన్ పక్కన పెట్టి, ఆపిన చోటు నుంచి ఇంకో జానెడు నేసి, అప్పుడు మగ్గం గుంతలోంచి లేచి చొక్కా తొడుక్కున్నాను. గద్వాల నుంచి వనపర్తి, అక్కడ బస్సు మారి పాన్‌గల్. దారి పొడుగునా వాన. మట్టి ఇచ్చి వచ్చాక, చెప్పులకు అంటిన బురదను ఇంటి ముందు నల్లా కింద కడుక్కున్నాను. అన్నం తిన్నాను, రెండోసారి చారు కూడా పోయించుకున్నాను. నిద్ర కూడా బాగానే పట్టింది.

మేమిద్దరం కలిసి చేసిన పని ఆకాశాన్ని ఫోటోలు తీయడం. సూర్యుడు, చంద్రుడు కాదు. చుక్కల మధ్య మన కంటికి నల్లగా కనపడే చోట రంగురంగుల ధూళి మబ్బులుంటాయి. రెండు నిమిషాలు కెమెరా కన్ను తెరిచి పెడితే ఒక్క ఫోటోలో వాటి ఛాయ మాత్రమే పడుతుంది. అలాంటివి వంద, రెండు వందలు తీసి కంప్యూటరులో ఒకదాని మీద ఒకటి పేర్చితే, అప్పుడు మబ్బు తేలుతుంది. చెప్పడానికి ఇంతే. చేయడానికి కొంచెం పిచ్చి కావాలి, అది నాకు చిన్నప్పటి నుంచీ ఉంది.

భూమి తిరుగుతుంది కాబట్టి కెమెరాను చుక్కల వెంట మెల్లగా తిప్పాలి. అందుకు చిన్న మోటారు కావాలని వెతుకుతుంటే, పాన్‌గల్‌లో బోరు మోటార్లకు వైండింగ్ చేసే ఒకాయన దుకాణం చూపించారు.

"ఎంత జోరుగ తిరగాలె?" అని అడిగాడు.

"దినానికి ఒక్క సుట్టు," అన్నాను.

ఆయన చేతిలోని రాగి తీగ కింద పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు. "దీనికోసం గద్వాల నుంచి వస్తివా? మా బామ్మర్దిని పట్కపో భయ్యా, వాడు గట్లనే తిరుగుతడు."

నాకు కోపం వచ్చింది. లేచి పోబోయాను. ఆయన నవ్వుతూనే చాయ్ చెప్పి, సంగతంతా విని, పది రోజుల్లో రెండు చెక్కలూ ఒక మడతబందూ పాత ప్రింటరులోని మోటారూ కలిపి నాకు కావలసింది చేసి పెట్టాడు. పనిచేస్తుందో లేదో చూడాలంటూ తనూ వెంట వచ్చాడు. అలా వచ్చినవాడు నాలుగేళ్లు వచ్చాడు.

ఎప్పుడో జవానీలో ఆయన ఎడమ కాలి మీద మోటారు పడిందట. నడిచేటప్పుడు ఆ కాలును జర ఈడ్చేవాడు. మొదట్లో చూశాను, తర్వాత అలవాటైపోయి నా కంటికి ఆనలేదు.

ఉప్పునుంతల దాటాక భాభీ వాళ్ల పుట్టింటివాళ్ల మెట్ట చెలక ఉంది. భాభీ అంటే ఆయన భార్య. చుట్టుపక్కల దీపాలు లేవు, ఆకాశం నల్లగా ఉంటుంది. వానలు లేని నెలల్లో అమాస వచ్చిందంటే ఇద్దరం బండి మీద అక్కడ ఉండేవాళ్లం. నా రూల్సు నావి. ఫోన్లు బండి డిక్కీలో పెట్టాలి. వెలుతురు పడకూడదు. తప్పనిసరైతే ఎర్ర టార్చి, అదీ నేలకేసి. ఆయన ఆ ఎర్ర టార్చిని దారంతో మెడలో వేసుకునేవాడు, ఎందుకంటే ఆయనకు చేతులు ఖాళీ ఉండాలి. చేతుల్లో చాయ్ ఉంటుంది కాబట్టి. మంట వెలుతురు ఫోటోల్లో పడొద్దని దూరంగా బోరు గది వెనక స్టవ్ వెలిగించి చాయ్ కాచి, రెండు గ్లాసులు పట్టుకుని గట్టు మీదుగా వచ్చేవాడు.

ఆ గట్టు పైనుంచే జ్యేష్ఠ నక్షత్రం పొడుస్తుంది. దాని చుట్టూ పసుపూ నీలమూ కలిసిన మబ్బులుంటాయి. నేను నాలుగేళ్లు వెంటపడింది వాటి కోసమే. కెమెరా అటే చూస్తుంటుంది, ఈయన సరిగ్గా అప్పుడే చాయ్‌తో బయల్దేరతాడు. ఫోటో అడుగున ఈ చివర నుంచి ఆ చివరికి ఒక ఎర్ర గీత పడుతుంది.

"ఖరాబ్ చేస్తివి గదయ్యా!" అని అరిచేవాణ్ణి.

"ఆకాశం ఏడికి పోతది? చాయ్ సల్లారుతది," అనేవాడు.

తెల్లవారినాక లెన్సు మీద తెల్ల గుడ్డ పరిచి, పొద్దు వెలుతురుకు కొన్ని ఫోటోలు తీయాలి. అద్దం మీది దుమ్మూ మచ్చలూ ఎక్కడున్నాయో వాటిలో తెలుస్తుంది, తర్వాత కంప్యూటరులో వాటిని తీసేయొచ్చు. నేను నా మగ్గం మీది తెల్ల కాటన్ ముక్క తీసుకుపోయేవాణ్ణి. "ఆడోళ్లకు కట్టేది అయిపాయె, ఇగ కెమెరాకు సుత గద్వాల చీర కట్టవడ్తివి," అని ఆయన దాంతోనే గ్లాసులు తుడిచేవాడు. మళ్లీ అరిచేవాణ్ణి. ఇప్పుడు లెక్కపెట్టుకుంటే ఆయనతో నేను మామూలుగా మాట్లాడిన మాటలకంటే అరిచినవే ఎక్కువ.

ఇంటికొచ్చాక ఒక్కో ఫోటో తెరిచి చూసేవాణ్ణి. నేతపనోడి కళ్లు కదా, చీరలో తప్పు పోగు పడితే నాకు అన్నం సయించదు. మబ్బు అడ్డం వచ్చినవి, చుక్కలు సాగినవి, విమానం పోయినవి, ఎర్ర గీత పడినవి, అన్నీ తీసేసేవాణ్ణి. నిజానికి తీయనక్కర్లేదు. పేర్చేటప్పుడు సాఫ్ట్‌వేరు అన్ని ఫోటోలనూ పోల్చి చూసి, ఒక్కదాంట్లోనే ఉండి మిగతావాటిలో లేనిదాన్ని దానంతట అదే తీసేస్తుంది. నాకు ఆ సంగతి తెలుసు. అయినా ఉంచబుద్ధి కాదు.

"నీ దగ్గరున్నవి సుత తీసెయ్," అని ఆయనకు ఫోన్ చేసేవాణ్ణి. చెలకలోనే ఆయన మొత్తం ఫోటోలను తన డిస్కులోకి ఒకసారి ఎక్కించుకునేవాడు, ముందుజాగ్రత్తకు.

"తీసేసిన యార్," అనేవాడు.

ఆయన పోయిన తర్వాత వానలు నెలంతా పడ్డాయి. ఆకాశమే లేదు. పగలు నేత, సాయంత్రం కంప్యూటరు. జ్యేష్ఠ దగ్గరి మబ్బులను మళ్లీ పేర్చాను, మళ్లీ రంగులు దిద్దాను. పసుపు కొంచెం పెంచడం, నీలం కొంచెం తగ్గించడం, చుక్కలను సన్నం చేయడం. పదకొండుసార్లు చేశాను. పదకొండూ బాగానే వచ్చాయి. బాగా వచ్చిందని తెలుస్తుంది గానీ, చూస్తుంటే గోడను చూసినట్టే ఉంది. ఏడుపు రాదు, కోపం కూడా రాదు. కోపం రాకపోవడం చూసి ఇంట్లోవాళ్లే భయపడ్డారు.

నలభయ్యో రోజు ఆయన పేరున చదివే ఫాతెహాకు వారం ఉందనగా భాభీ ఫోన్ చేసింది.

"భయ్యా, ఆయనది ఒక ఫోటో కావాలె. గోడకు పెట్టనీకి గాదు, నా దగ్గర ఉంచుకోనీకి."

"ఇంట్ల లేవా భాభీ?"

"ఆధార్‌ల ఉంది, రేషన్ కార్డుల ఉంది. వాటిల దొంగలెక్క ఉన్నడు. అమాస అమాసకు మా పుట్టింటి చెలకకు పోతుంటిరి గదా. నేను ఎంత కొట్లాడినా ఇనలే, పోయిండు. ఆడ ఎట్లుంటుండెనో నేను ఒక్కనాడు సూడలే. అన్ని ఫోటోలు తీసిర్రు, ఆయనది ఒక్కటన్న ఉండదా?"

"ఎందుకుండదు, ఉంటది," అన్నాను.

ఆ రోజంతా వెతికాను. తర్వాతి రోజు కూడా వెతికాను. నాలుగేళ్ల ఫోటోలు, ఎన్ని వేలో. చుక్కలున్నాయి, మబ్బులున్నాయి, లెన్సు మీది దుమ్ము ఫోటోలు సైతం తారీఖుల వారీగా ఉన్నాయి. మనిషి లేడు. ఫోన్లో చూద్దామంటే, చెలకలో ఫోన్లు డిక్కీలో పెట్టించింది నేనే. ఆయన నడిచిన గుర్తులన్నా దొరుకుతాయేమో అంటే, వాటిని ఏరి ఏరి పారేసిందీ నేనే. పక్కన కూర్చున్న మనిషిని ఒక్కసారన్నా తీయకుండా నాలుగేళ్లు పైకి చూశాను. సిగ్గేసింది. ఆ నెలలో నాకు అనిపించిన మొదటి సంగతి అదే, సిగ్గు.

ఫోన్లో చెప్పే ధైర్యం లేక పాన్‌గల్ పోయాను. భాభీ చాయ్ ఇచ్చింది. లేదని ఎలా చెప్పాలా అని గ్లాసు తిప్పుతూ కూర్చున్నాను. ఆమె లోపలికి పోయి ఒక డబ్బా తెచ్చింది. దుకాణం ఖాళీ చేస్తుంటే దొరికిందట. ఆయన తెగిన రాగి తీగ ముక్కలన్నీ అలాంటి డబ్బాల్లో దాచేవాడు, దేన్నీ పారేసే మనిషి కాదు. తీగల మధ్యలో గుడ్డలో చుట్టి డిస్కు ఉంది. చుట్టిన గుడ్డ నా తెల్ల కాటన్ ముక్క, చాయ్ మరకలతో.

వెంట తెచ్చుకున్న నా లాప్‌టాప్‌కు తగిలించాను. అమాస అమాసకు ఒక ఫోల్డరు. చివర్లో ఒకటి, దాని పేరు 'కచ్రా', అంటే చెత్త. తెరిచాను. నేను తీసెయ్యమన్నవన్నీ ఉన్నాయి. తీసేసిన యార్ అని ప్రతిసారీ అబద్ధం చెప్పాడు.

ఒక్కొక్కటి తెరుస్తూ పోయాను. విమానం, మబ్బు, సాగిన చుక్కలు. తర్వాత ఎర్ర గీత. కింద నల్లటి గట్టు, గట్టు మీద ఈ చివర నుంచి ఆ చివరికి సన్నగా ఎర్ర గీత, పైన జ్యేష్ఠ. ముఖం లేదు, చేతులు లేవు. దీన్ని ఫోటో అని ఆమెకు ఎట్లా ఇవ్వాలి? తప్పు చేసినోడిలా చెప్పుకొచ్చాను.

"ఆయనవి గిసొంటియే ఉన్నయి భాభీ. మెడల టార్చి ఏస్కొని నడిస్తే గిట్ల గీత పడ్డది. మనిషి కనపడడు."

ఆమె కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుని తెర దగ్గరికి జరిగింది. తర్వాత వేలు పెట్టింది, గీత మొదట్లో.

"ఇది మా గట్టే," అంది. వేలును గీత వెంట మెల్లగా జరిపింది. "గిది కుడి కాలు. గిది ఎడమ కాలు. గిది కుడి. గిది ఎడమ."

అప్పుడు చూశాను. గీత సాఫీగా లేదు. పైకి లేస్తుంది, దిగుతుంది, మళ్లీ కొంచెమే లేస్తుంది, లోతుగా దిగుతుంది. ఒక అల పెద్దది, ఒక అల చిన్నది, చివరిదాకా అంతే. వందసార్లు చూసి పారేసిన గీత అది. అందులో మనిషి నడక ఉందని నాకు ఒక్కసారీ కనపడలేదు.

వేలు ఒకచోట ఆగింది. అక్కడి నుంచి అలలు దగ్గర దగ్గరగా ఉన్నాయి.

"ఈడ మెల్లగ నడుస్తుండు. చేతుల ఏమన్న ఉండెనా?"

"చాయ్," అన్నాను.

"అవ్, ఒలుకుతదని," అంది. "కనపడడంటవేంది భయ్యా, మొత్తం కనపడుతుండు గదా."

తిరుగు దారిలో వనపర్తిలో దిగి, బస్టాండు దగ్గరి స్టూడియోలో ప్రింటు వేయించడానికి ఇచ్చాను. స్టూడియో ఆయన కంప్యూటరులో తెరిచి చూసి, ఫోటో బాగుందన్నాడు.

"కింద ఒక గీత పడ్డది సార్. తీసెయ్యాల్నా? ఒక్క నిమిషం పని."

"దాన్ని ముట్టుకోకు," అని అరిచాను. కొట్లో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. నెల దాటినాక నా గొంతు నాకు వినపడింది. ఆయన బిత్తరపోయి మౌసు మీద నుంచి చేయి తీశాడు. పాపం, ఆయన తప్పేముంది, సర్ది చెబుదామని నోరు తెరిచాను.

"అది మా దోస్తు," అన్నాను. ఇంకా చెప్పబోయాను గానీ ఏడుపు వచ్చేసింది. మిట్టమధ్యాహ్నం, అంతమంది ముందర, కౌంటరు పట్టుకుని ఏడ్చాను. ఎవరో కుర్చీ జరిపి, చాయ్ తెప్పించారు.