కంప్యూటర్‌లో రాతిదుమ్ము

మాది ఆళ్లగడ్డ. మా మామ శిల్పి. ఆయన విగ్రహాలు చెక్కే షెడ్డు పక్కగదిలో, పాత కంప్యూటర్ మీద నేను విగ్రహాల నమూనాలు గీస్తుంటాను. నంద్యాలలో ఉండే మా తమ్ముడు దానికి లినక్స్ ఎక్కించి ఇచ్చాడు.

పోయిన వేసవిలో అది మరీ నెమ్మదించింది. తమ్ముడికి ఫోన్ చేస్తే, అనవసరంగా నడుస్తున్న ప్రోగ్రాములున్నాయేమో చూడమన్నాడు. ఏమీ లేవు. లోపలి వేడి చూపే కమాండ్ చెప్పాడు. నేను అంకె చదవగానే, "అక్కా, వెంటనే ఆపెయ్, కాలిపోతాది. చల్లారినాక డబ్బా ఇప్పి చూడు" అన్నాడు.

స్క్రూలు తీసి చూసి హడలిపోయాను. రాతిదుమ్ము గడ్డకట్టి ఫ్యాన్ రెక్కలు వేలితో తిప్పినా కదలడం లేదు. తలుపు వేసి ఉంచే గదిలోనే ఇంత దుమ్ము! అంతలో షెడ్డులోంచి మామ దగ్గు వినిపించింది. డబ్బా ఎత్తుకుని షెడ్డులోకి వెళ్లాను.

"మామా, నంద్యాలకు పోయి ఎక్స్‌రే తీయించుకుందాం" అన్నాను.

"ఏందమ్మా, కంప్యూటర్ చెడిపోతే నాకెందుకు ఎక్స్‌రే?"

విప్పిన డబ్బా ఆయన ముందు పెట్టాను. ఫ్యాన్ మీది దుమ్మును గోటితో గీకి చూసి, "పోదాం పా" అన్నారు.

నంద్యాలలో డాక్టర్ ఎక్స్‌రే చూశారు. ఊపిరితిత్తుల్లో మచ్చలు మొదలయ్యాయని, ఇక దుమ్ము దగ్గరికి పోకూడదని ఆయన చెప్పారు.

శుభ్రం చేశాక కంప్యూటర్ మళ్లీ చురుగ్గా నడిచింది. మామ ఉలి పట్టడం మానేసి, ఇప్పుడు నా పక్కన కూర్చుని నమూనాలు దిద్దుతున్నారు. ఆయన దగ్గితే మాత్రం నా చెయ్యి ఆగిపోతుంది.