సర్వర్‌ను ఆపేసిన పెళ్లి ఫొటో

ఈ ఉదయం ఆఫీసుకు వస్తుంటే, విజయవాడ భవానీపురంలో ఇడ్లీ బండికి నీడగా కట్టిన పాత పెళ్లి ఫ్లెక్సీ కనిపించింది. పెళ్లికొడుకు తలపాగా వరకే మిగిలింది.

మాది ఫ్లెక్సీ షాపులకు ఆర్డర్లు తీసుకునే వెబ్‌సైటు నడిపే చిన్న ఆఫీసు. నేను వెళ్లేసరికి సర్వర్ ఆగిపోయి ఉంది. ఆన్ చేస్తే మళ్లీ ఆగింది. అన్ని ఊళ్ల ఆర్డర్లూ నిలిచిపోయాయి.

"ఇది హ్యాకర్ల పనేనమ్మా," అన్నారు మా సార్.

వెతికితే ఒక ఫొటో దొరికింది. ఫైలు చిన్నదే, కానీ తన పొడవూ వెడల్పూ లక్షల పిక్సెళ్లని చెప్పుకుంటోంది. మా సాఫ్ట్‌వేర్ ఆ మాట నమ్మి, ఫొటో తెరవకముందే మెమరీలో అంత చోటూ సిద్ధం చేయబోయి కూలబడుతోంది. బంతిలో ఎవరూ కూర్చోకముందే ఊరందరికీ విస్తళ్లు పరిచినట్టు.

కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు మొహమాటం. అయినా ఆ ఫొటో పంపినాయనకు ఫోన్ చేశాను.

"సైజు ఎంత పెట్టారండీ?"

"ఫొటో పెద్దది చేసే యాప్‌లో ఎంత పడితే అంత కొట్టానండీ. రేపే మా చెల్లి పెళ్లి. పెద్దగా కనపడాలి కదా!"

"ఇది విజయవాడ మొత్తం కప్పేస్తుందండీ."

"అయితే మా చల్లపల్లి సెంటర్‌కి సరిపోద్దిలెండి!"

నవ్వు ఆపుకోలేకపోయాను. ఫొటో తెరిచేముందే సైజు చూసి, మరీ ఎక్కువైతే వద్దనేలా సాఫ్ట్‌వేర్‌ను సరిచేశాను. ఆయన ఫొటోను మామూలు సైజుకు తెచ్చాను. షాపులో ఫ్లెక్సీ అచ్చయి, సాయంత్రం బస్సులో చల్లపల్లి వెళ్లింది. వచ్చింది హ్యాకర్ కాదు, అన్నయ్య అని సార్‌కు చెప్పాను.

మీ ఇంటి పెళ్లిలో ఇంత పెద్దగా ఆశపడినవాళ్లు ఉంటే చెప్పండి.

ఆ ఫొటోలో చెల్లెలు కళ్లు మూసుకుని నవ్వుతోంది.