నాలుగు మూలల పసుపు

మా ఆయన యురేనియం గనిలో పనిచేసేవాడు. యురేనియం తీశాక మిల్లులో మిగిలే విషపు బురదను వ్యర్థాల చెరువుకు మోసే పైపు వెంట రోజూ నడవడం, ఎక్కడ కారుతోందో డ్యూటీ పుస్తకంలో రాయడం ఆయన పని. కారిన రోజున కూడా అంతా బాగుందనే రాయించేవాళ్లు. ఆయన విడిగా ఉన్నది ఉన్నట్టు రాసుకున్న నోటుబుక్కు మా ఇంట్లో బియ్యం డ్రమ్ములో ఉండేది. బయట మాట్లాడితే దేశద్రోహం, జైలు అని పనిలో చేరిన రోజే ఆయన చేత సంతకం పెట్టించుకున్నారు.

పైపు కారిన చోట నీళ్లు తాగి మా పక్కింటి గొర్రెలు పడిపోయాక ఆయన ఊరుకోలేకపోయాడు. ప్రొద్దుటూరు విలేకరికి కబురు పెట్టాడు. చేతిరాత పట్టుకుంటారని జమ్మలమడుగు దాకా పోయి, తెలియని అంగట్లో ఆ కారుడు సంగతంతా ఒక పేజీ టైపు చేయించాడు. పేరు లేదు, సంతకం లేదు.

విలేకరి వచ్చే పొద్దున ఆయన స్నానానికి పోయినప్పుడు నేను ఆ కాగితానికి నాలుగు మూలలా పసుపు పెట్టాను. పెళ్లిపత్రికకు పెడతాం, కొత్త పుస్తకానికి పెడతాం. మంచి జరగాలని పెట్టాను. ఆయన్ను అడగలేదు, మళ్లీ మడిచి కవర్లో పెట్టేశాను.

పేపర్లో ఆ కాగితం ఫోటో రంగుల్లో పడింది. నా కుడి బొటనవేలికి కొడవలి కోసిన మచ్చ అడ్డంగా ఉంటుంది. పసుపులో ఆ గీత తేటగా కనిపించింది. ఆయుధపూజకు ఆయన ఇంటికి తెచ్చిన డ్యూటీ పుస్తకం మీద నేను పెట్టిన పసుపులోనూ అదే వేలు, అదే గీత. ఆఫీసర్లు రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశారు.

పని పోయింది. రోజూ పులివెందుల స్టేషనుకు పిలిచి పొద్దున కూర్చోబెట్టి సాయంత్రం పంపేవాళ్లు. ఇంకా ఏం కాగితాలున్నాయని అడిగేవాళ్లు. నోటుబుక్కు సంగతి ఆయన చెప్పలేదు.

"నన్ను రెండు తిట్లన్నా తిట్టు మామా," అన్నాను ఒకరోజు.

"తిడితే పోయిన పని వస్తాదా? సంగటి పెట్టుమ్మే, శానా ఆకలిగా ఉండాది."

ఏడాది తిరగకముందే, స్టేషను నుంచి వస్తూ బస్టాండులో కూలిపోయాడు. గుండె అన్నారు.

పెద్దకర్మ అయ్యాక విలేకరి వచ్చి తల దించుకుని కూర్చున్నాడు. డ్రమ్ములో చెయ్యి పెట్టి నోటుబుక్కు తీసి ఇచ్చాను. మొదటి పేజీ మూలల్లో నా పసుపే, వెలిసిపోయి ఉంది.

"ఈసారి ఈ గుర్తులు కనపడకుండా చేస్తాలేక్కా. అప్పుడు నాకు బుద్ధి ల్యాకపాయ."

"నాకు మాత్రం ఉండిందా? ఉండనీప్పా, అట్నే పేపర్లో యెయ్."

"మళ్లా వస్తారక్కా వాళ్లు."

"వస్తే ఈసారి నాకోసమే గదప్పా వచ్చేది. రానీ. నేనీడనే ఉండా."